పాత బంతి చదువు

బ్యాటర్లకు పండగ, బౌలర్లకు శిక్ష అనిపించే పిచ్‌లు పెరుగుతున్నాయి. వాటి మీద నిలదొక్కుకునే బౌలర్లు ఎక్కడ, ఎలా తయారవుతారు? ఉప్పల్ నుంచి విశాఖ దాకా మన మైదానాల్లో దొరికే జవాబులివి.

2024 మార్చి 27 రాత్రి. ఉప్పల్ స్టేడియం. క్వెనా మఫాకా అనే పదిహేడేళ్ల దక్షిణాఫ్రికా కుర్రాడు ముంబై ఇండియన్స్ తరఫున తొలి ఐపీఎల్ మ్యాచ్ ఆడుతున్నాడు. నెలన్నర కిందటే సొంతగడ్డ మీద జరిగిన అండర్-19 ప్రపంచకప్‌లో 21 వికెట్లు తీసి, టోర్నీలోకెల్లా ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నవాడు. ఆ రాత్రి అతడి నాలుగు ఓవర్లలో సన్‌రైజర్స్ బ్యాటర్లు 66 పరుగులు పిండుకున్నారు. వికెట్ పడలేదు. అదే ఇన్నింగ్స్‌లో, అదే పిచ్ మీద జస్‌ప్రీత్ బుమ్రా కూడా నాలుగు ఓవర్లు వేశాడు. అతడికీ వికెట్ దక్కలేదు. ఇచ్చింది మాత్రం 36.

హైదరాబాద్ చేసింది 277, ముంబై చేసింది 246. ఓడింది 31 పరుగుల తేడాతో. ఆ ఇద్దరు బౌలర్ల మధ్య తేడా 30.

ఆ మ్యాచ్ అనగానే అందరూ 38 సిక్సర్ల గురించే చెబుతారు. నాకు గుర్తుండిపోయింది బుమ్రా ఇచ్చిన ఆ 36. వికెట్ లేని బౌలర్‌ను స్కోరుబోర్డు ఎలాగూ మెచ్చుకోదు. కానీ ఓవర్‌కు 14 పరుగులు పారుతున్న రాత్రి ఓవర్‌కు 9 ఇవ్వడమంటే మామూలు పని కాదు. ఆ పని బుమ్రాకు ఎక్కడ అబ్బింది? ప్రపంచంలో తన ఈడు వాళ్లందర్నీ మించిన పిల్లవాడికి ఎందుకు అబ్బలేదు? వయసు, అనుభవం అని తేల్చేయవచ్చు. కానీ అనుభవం అంటే ఏమిటో విప్పి చూస్తే తప్ప మన అకాడమీలకు దానివల్ల ఉపయోగం లేదు.

మద్దెల నిజంగానే ఓడైతే

ఆడలేక మద్దెల ఓడన్నారు. బౌలర్ పిచ్‌ను తిడితే మనకు ముందు గుర్తొచ్చేది ఆ సామెతే. అయితే మద్దెల నిజంగానే ఓటిదైన రోజులూ ఉంటాయి. బంకమట్టిని తడిపి, తగిన పదును మీద బరువైన రోలర్ తిప్పి తిప్పి, ఎండబెట్టి, పైన గడ్డిని నున్నగా గొరిగేస్తే బల్లపరుపు పిచ్ తయారవుతుంది. హిందీ వాళ్లను చూసి మనవాళ్లూ పాటా అంటున్నారు. దాని మీద పడ్డ బంతి ఎటూ తిరగదు, ఎగరదు, ఆగదు. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో బ్యాట్ మీదికి వచ్చి వాలుతుంది.

బౌలర్‌కు దేవుడిచ్చిన సాయాలు మూడే. గాలిలో బంతి వంగడం, పచ్చిక మీద సీమ్ పడి పక్కకు జరగడం, పగుళ్లకో అరిగిన చోటుకో తగిలి ఎత్తు మారడం. టెస్టులో ఐదు రోజుల్లో పిచ్ ముసలిదవుతుంది కాబట్టి మూడోదాని కోసం ఎదురుచూడవచ్చు. టీ20లో మూడున్నర గంటలూ అది పడుచుగానే ఉంటుంది. తెల్ల కూకబుర్రా బంతి రెండు మూడు ఓవర్లు వంగితే వంగినట్టు, ఆ తర్వాత తిన్నగా పోతుంది. ఇది చాలదన్నట్టు 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ పేరుతో అదనపు ఆటగాడు వచ్చాడు. ఎనిమిదో నంబరు దాకా కొట్టేవాళ్లే ఉన్నప్పుడు, వికెట్ పోతుందన్న భయం బ్యాటర్‌కు ఎందుకుంటుంది?

2025 మార్చి 23న ఇదే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 286 కొట్టిన రోజు రాజస్థాన్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లకు 76 ఇచ్చుకున్నాడు. ఐపీఎల్ చరిత్రలో అప్పటిదాకా ఎవరూ అన్ని ఇవ్వలేదు. మూడు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 12న, అదే మైదానంలో ఆ అంకె పక్కకు మరొకరు వచ్చారు. ఈసారి సొంత జట్టువాడే, మహమ్మద్ షమీ. నాలుగు ఓవర్లు, 75 పరుగులు, వికెట్ల కింద సున్నా. ఆఖరి ఓవర్లో స్టొయినిస్ వరసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. పంజాబ్ 245 చేసింది. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు గెలిచారు కూడా. అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 బాదాడు కాబట్టి షమీ 75ను ఆ రాత్రి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అదే షమీ, విశాఖలో

ఇప్పుడు ఐదున్నరేళ్లు వెనక్కి వెళ్దాం. 2019 అక్టోబరు, విశాఖపట్నం టెస్టు. మయాంక్ అగర్వాల్ 215, రోహిత్ శర్మ 176. భారత్ 7 వికెట్లకు 502 దగ్గర డిక్లేర్ చేసింది. దక్షిణాఫ్రికా కూడా తక్కువ తినలేదు. ఎల్గర్ 160, డికాక్ 111 కొట్టి స్కోరును 431కి చేర్చారు. అశ్విన్ 46 ఓవర్లకు పైగా వేసి 145 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీశాడు. అంటే ఏడు వికెట్లకు ఒకటిన్నర రోజు చెమట. ఆ మ్యాచ్‌ను తొలి నాలుగు రోజులు చూసినవాళ్లెవరూ ఫాస్ట్ బౌలర్ గెలిపిస్తాడని అనుకోరు.

ఐదో రోజు షమీ 35 పరుగులిచ్చి ఐదు వికెట్లు పడగొట్టాడు. అందులో నలుగురు బౌల్డ్. బవూమా, డుప్లెసిస్, డికాక్, పీట్. సఫారీలు 191కి కుప్పకూలారు.

ఆ నలుగురు బౌల్డ్ కావడంలోనే కిటుకంతా ఉంది. బంతి అరిగింది, పిచ్ మీద అది అక్కడక్కడ కిందికి ఉంటోంది. అలాంటప్పుడు బౌన్సర్లతో భయపెట్టడం, ఆఫ్ స్టంప్ బయట ఆశపెట్టడం దండగ. వికెట్ నుంచి వికెట్‌కు, తగిలితే స్టంప్ ఎగిరిపోవాలి. స్లిప్‌లో క్యాచ్ రాదనుకున్న చోట ఫీల్డర్ల మీద ఆధారపడటం మానేసి మూడు కర్రల మీద ఆధారపడ్డాడు. చెబితే తేలికే. వేలమంది చూస్తుండగా, నాలుగు రోజుల అలసట మీద, అరచేయి వెడల్పు చోట మళ్లీ మళ్లీ బంతి వేయాలంటే ఆ అలవాటు ఎముకల్లోకి దిగి ఉండాలి.

మరి ఉప్పల్‌లో షమీకి ఏమైంది? వయసు, గాయం తర్వాతి ఇబ్బంది కొంత. అంతకంటే పెద్దది వేరే. టెస్టు పాటా పిచ్, టీ20 పాటా పిచ్ పేరుకు ఒకటే, రోగాలు వేరు. టెస్టులో బౌలర్ ఒకే బంతిని వందసార్లు వేసి బ్యాటర్ ఓపికను అరగదీస్తాడు. టీ20లో ఒకే బంతి రెండుసార్లు పడితే రెండోది స్టాండ్స్‌లో ఉంటుంది. ఒక చోట తిరగెయ్యడం విద్య, మరో చోట తిరగెయ్యకపోవడం విద్య. ఈ రెండూ ఒకే కుర్రాడికి ఒకే నెట్స్‌లో, అదీ పద్దెనిమిదేళ్లు నిండకముందే, వచ్చేయాలని మనం ఆశిస్తున్నాం.

రెండూ వచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే. 2024 ఫిబ్రవరిలో మళ్లీ విశాఖే వేదిక. యశస్వి జైస్వాల్ 209 కొట్టిన, బ్యాటింగ్‌కు ఏ లోటూ లేని పిచ్. ఇంగ్లండ్ బాగానే మొదలెట్టింది. పాతబడిన బంతి బుమ్రా చేతికి వచ్చాక ఒలీ పోప్ రెండు స్టంప్‌లు యార్కర్‌కు ఎగిరిపోయాయి. 45 పరుగులకు ఆరు వికెట్లు. అహ్మదాబాద్‌లో చిన్నప్పుడు అమ్మ మధ్యాహ్నం పడుకుంటే, చప్పుడు కాకుండా గోడా నేలా కలిసే అంచుకు గురిపెట్టి బంతి వేసేవాడినని అతడే చెప్పాడు. గోడ అంచుకు తగిలితే చప్పుడు తక్కువ. యార్కర్‌కు అంతకంటే మంచి బడి ఉందా? ఆ బడి పెట్టింది ఏ బోర్డూ కాదు, అమ్మ నిద్ర.

944 పరుగుల రోజులు

పాటా పిచ్ ఇప్పటి జబ్బేం కాదు. 1994 జనవరిలో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 చేసి డిక్లేర్ చేసింది. రంజీ చరిత్రలో ఇప్పటికీ అదే అత్యధిక స్కోరు. ఎం.వి.శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయల్ డేవిడ్ 207 నాటౌట్. ఒకే ఇన్నింగ్స్‌లో ముగ్గురు రెండొందలు దాటడం ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే మొదటిసారి. అన్ని పుస్తకాల్లోనూ ఈ మూడు పేర్లే ఉంటాయి. బంతి వేసిన ఆంధ్ర కుర్రాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా? రంజీ లీగ్ మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం పాయింట్లు తెచ్చిపెడుతుంది. ఇరవై వికెట్లు తీయకపోయినా పని గడిచే చోట, ఇరవై వికెట్లు తీసేవాణ్ని పెంచాలన్న ఆత్రం కెప్టెన్‌కైనా, క్యూరేటర్‌కైనా ఎందుకుంటుంది?

ఇంకా వెనక్కి వెళితే సి.కె.నాయుడి తమ్ముడు సి.ఎస్.నాయుడు కనిపిస్తాడు. 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ తరఫున బొంబాయి మీద ఆ లెగ్ స్పిన్నర్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 917 బంతులు వేశాడు. 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఇన్ని బంతులు వేసినవాడు ఇంకొకడు లేడు. ఇప్పటి ఐపీఎల్ లెక్కలో అది 38 మ్యాచ్‌ల కోటా. మన హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ 1950-51లో అదే హోల్కర్ మీద ఇందౌర్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. 245 పరుగులకు నాలుగు వికెట్లు. ఆ మధ్యాహ్నాలు అతడు ఏం ఆలోచించి ఉంటాడా అని నాకెప్పుడూ కుతూహలం.

అంత గొడ్డుచాకిరీ మళ్లీ రావాలని నేననను. ఎదిగే వయసులో నడుము ఎముక చిట్లితే బౌలర్ బతుకే మారిపోతుంది. బుమ్రా అంతటివాడికే వెన్ను శస్త్రచికిత్స తప్పలేదు, 2025లో ఇంగ్లండ్ మీద ఐదు టెస్టులకు మూడే ఆడాడు. పిల్లల ఓవర్లకు పరిమితి ఉండాల్సిందే. నా ఫిర్యాదు ఓవర్ల సంఖ్య గురించి కాదు, ఆ కొన్ని ఓవర్లలో ఏం నేర్పుతున్నామన్న దాని గురించి.

పొరుగువాళ్లు ఏం చేశారు?

పాటా పిచ్ మీద వికెట్ తీయడానికి గొప్ప ఉపాయం పాకిస్థాన్‌లో పుట్టింది. ఎండిన గరుకు నేల మీద బంతి ఒక పక్క చెక్కుకుపోతుంటే రెండో పక్కను మెరిసేలా రుద్దుతూ కాపాడుకుంటే, నలభై ఓవర్ల తర్వాత అది ఆలస్యంగా, మెరుపు ఉన్న వైపుకే వంగుతుంది. రివర్స్ స్వింగ్. సర్ఫరాజ్ నవాజ్ నుంచి ఇమ్రాన్‌కు, ఇమ్రాన్ నుంచి వసీం, వకార్‌లకు అందిన విద్య. పచ్చటి పిచ్‌లుంటే ఆ అవసరమే వచ్చేది కాదు. కరవు సీమ రైతుకు నీటి విలువ తెలిసినట్టు, వాళ్లకు పాత బంతి విలువ తెలిసింది.

ఆ దేశమే 2024 అక్టోబరులో ముల్తాన్‌లో ఇంగ్లండ్‌కు 7 వికెట్లకు 823 పరుగులు సమర్పించుకుంది. హ్యారీ బ్రూక్ 317, జో రూట్ 262. తర్వాతి టెస్టుకు అదే పిచ్‌ను పెద్ద పెద్ద ఫ్యాన్లతో ఎండబెట్టి మళ్లీ వాడారు. ఇద్దరు స్పిన్నర్లు నొమాన్ అలీ, సాజిద్ ఖాన్ ఇరవై వికెట్లూ పంచుకున్నారు. సిరీస్ గెలిచారు, సంబరాలు చేసుకున్నారు. నాకు మాత్రం రోగం కుదర్చలేక ఇల్లు మారినట్టనిపించింది.

ఇంగ్లండ్‌ది మరో తోవ. వాళ్ల డ్యూక్స్ బంతి రోజంతా కదులుతుంది, నిదానంగా వేసే మీడియం పేసర్లకూ వికెట్లొస్తాయి. ఆస్ట్రేలియా, భారత్ వెళ్లినప్పుడు గుట్టు బయటపడుతుంది. అందుకని 2023 నుంచి కౌంటీల్లో కొన్ని రౌండ్లు కూకబుర్రా బంతితో ఆడించారు. వికెట్ కోసం నిజమైన వేగమో, స్పిన్నో ఉండితీరాలన్నది ఆలోచన. ఫలితం? 2025 జూన్ చివర్లో ఓవల్‌లో డర్హమ్ మీద సర్రే 9 వికెట్లకు 820 చేసింది, సిబ్లీ 305 కొట్టాడు. ఉద్దేశం మంచిదే. కానీ ఈత రానివాణ్ని లోతు నీళ్లలోకి తోస్తే నేర్చుకుంటాడన్న నమ్మకం అది. ముందు ఒడ్డున కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పాలి కదా.

వన్డేల సంగతి ఇంకో తరహా. 2011 నుంచి రెండు వైపులా రెండు కొత్త బంతులు. అంటే ఏ బంతీ పాతిక ఓవర్లకు మించి వాడరు. ఇంక రివర్స్ స్వింగ్ ఎక్కడ? పధ్నాలుగేళ్ల తర్వాత, 2025 జులైలో ఐసీసీకి జ్ఞానోదయమైంది. 34 ఓవర్ల తర్వాత ఆ రెండింటిలో ఒకటే ఉంచుకోవాలన్నారు.

303 పరుగులు కాచుకున్నవాడు

హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ కథ తెలుగు పాఠకులకు కొత్త కాదు. టెన్నిస్ బంతితో ఈద్గా మైదానాల్లో మొదలై రంజీకి, 2016-17లో భరత్ అరుణ్ శిక్షణలో 41 వికెట్లకు, అక్కడి నుంచి సన్‌రైజర్స్ 2.6 కోట్ల వేలానికి. నేను చెప్పదలచింది ఆ తర్వాతి మాట.

2025 జులై, ఎడ్జ్‌బాస్టన్. శుభ్‌మన్ గిల్ ఒకే మ్యాచ్‌లో 269, 161 కొట్టిన పిచ్. మ్యాచ్ మొత్తానికి 1,692 పరుగులు వచ్చాయి. బుమ్రా లేడు. ఇంగ్లండ్ 84కే ఐదు వికెట్లు పోగొట్టుకుంది, అందులో రూట్‌ను, స్టోక్స్‌ను వరస బంతుల్లో పంపింది సిరాజే. ఆ తర్వాత జేమీ స్మిత్, బ్రూక్ నిలబడి 303 పరుగులు జోడించారు. బంతి మెత్తబడింది, ఏమీ జరగడం లేదు, గంటలు గడుస్తున్నాయి. రెండో కొత్త బంతి వచ్చింది. 387 దగ్గర ఆరో వికెట్ పడింది. 407కి ఆలౌట్. సిరాజ్‌కు 70 పరుగులకు ఆరు.

ఆ ఆరు వికెట్ల గురించి అందరూ రాశారు. నాకు ముఖ్యం ఆ 303 పరుగుల మధ్య సమయం. అప్పుడు చేతులెత్తేసినవాడు కొత్త బంతి చేతికొచ్చాక లేవలేడు. సిరాజ్ ఒకప్పుడు స్వింగ్ మీదే ఆధారపడేవాడు. అది మొరాయించినప్పుడు సీమ్‌ను నిటారుగా కాక ఊగుతూ పడేలా వేసే వాబుల్ సీమ్ నేర్చుకున్నాడు. పడ్డాక లోపలికి వస్తుందో బయటికి పోతుందో బ్యాటర్‌కే కాదు, ఒక్కోసారి వేసినవాడికీ తెలియదు. పిచ్ సాయం చేయకపోతే అనుమానాన్నే ఆయుధం చేసుకున్నాడన్నమాట. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు. ఓవల్‌లో అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ను లేపి ఆరు పరుగులతో గెలిపించింది 1,113వ బంతి.

కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిదీ ఇదే కోవ. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338 కొట్టింది, మనవాళ్లు అదీ ఛేదించేశారు. అలాంటి పిచ్ మీద ఆ ఎడమచేతి స్పిన్నర్ పది ఓవర్లకు ఇచ్చింది 49, తీసింది రెండు. మిగతావాళ్లలో చాలామంది ఓవర్లలో ఆరుకు, ఏడుకు పైగా పారుతుంటే ఈమె దగ్గర ఐదు కూడా పారలేదు. జెమీమా 127 చరిత్రలో నిలిచింది, నిలవాలి కూడా. ఆ 49ను కూడా ఎక్కడో ఓ మూల రాసిపెట్టుకోండి.

నెట్స్ దగ్గర ఓ సాయంత్రం

మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా సాయంత్రం ఐదింటికి నెట్స్ దగ్గర నిలబడి చూడండి. ఒక నెట్‌లో ఒక బ్యాటర్, ఆరుగురు బౌలర్లు. ఆరుగురి చేతుల్లో ఆరు బంతులు. అందరికంటే వేగంగా వేసేవాడి దగ్గర అందరికంటే కొత్త బంతి. ఫీల్డింగ్ లేదు కాబట్టి కొట్టిన షాట్ ఫోరో, క్యాచో తెలియదు. ఓవర్ లెక్క లేదు. బ్యాటర్‌కు పది నిమిషాలయ్యాక ఇంకో బ్యాటర్. కోచ్ నిలబడేది కూడా ఎక్కువగా బ్యాటర్ వెనకే. చాలాచోట్ల కింద ఉండేది సిమెంటు మీద పరిచిన మ్యాటింగ్. మ్యాటింగ్ మీద బంతి చక్కగా ఎగురుతుంది, కుర్రాడు తనకు బౌన్స్ ఉందనుకుంటాడు. మట్టి పిచ్ మీదికి వెళ్లిన మొదటి మ్యాచ్‌లో భ్రమ వీడుతుంది.

దీన్ని మార్చడానికి కోట్లు అక్కర్లేదు. ఒకే బంతిని ఇద్దరు బౌలర్లకిచ్చి, నలభై ఓవర్ల పాత బంతితో, నిజమైన ఫీల్డింగ్ పెట్టి, బ్యాటర్‌కు యాభై నాటౌట్ అని చెప్పి ఆడించవచ్చు. పిల్లవాడు మెరుపు ఏ వైపు కాపాడాలో, చెమట ఏ వైపు రాయాలో, కటర్‌కు వేళ్లు సీమ్ మీద ఎలా జారాలో అప్పుడు నేర్చుకుంటాడు. నాలుగు ఓవర్లలో వికెట్ రాకపోయినా పన్నెండే ఇస్తే, అందరి ముందూ మెచ్చుకోవాలి. స్కోరు పుస్తకంలో మెయిడెన్ పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టిన పాతకాలం స్కోరర్లను చూశాను. ఇప్పటి యాప్‌లలో ఆ గీత లేదు.

ఆ అలవాట్లు ఎక్కడ పనికొస్తాయంటారా? ఉప్పల్‌లోనే 2024 మే 2న సన్‌రైజర్స్ బౌలర్ భువనేశ్వర్ చివరి ఓవర్ వేశాడు. రాజస్థాన్‌కు ఆఖరి బంతికి రెండు పరుగులు కావాలి. అది గొప్ప యార్కర్ కూడా కాదు, కిందికి పడిన ఫుల్‌టాస్. కానీ తిన్నగా స్టంప్‌ల మీదికే వచ్చింది, పావెల్ ఎల్బీ. హైదరాబాద్ ఒక్క పరుగుతో గెలిచింది. విశాఖలో షమీ నమ్ముకున్న ఆ మూడు కర్రలే ఇక్కడా అక్కరకొచ్చాయి.

వచ్చే వేసవిలో మీ అబ్బాయినో, అమ్మాయినో క్రికెట్ శిబిరంలో చేర్పిస్తుంటారు. ఫీజెంత, కిట్ ఎవరిస్తారు, మ్యాచ్‌లు ఎన్ని ఆడిస్తారు అని ఎలాగూ అడుగుతారు. బౌలింగ్ నేర్పించాలనుకుంటే మాత్రం ఇంకొకటి కూడా అడగండి: వారానికి ఎన్ని రోజులు పాత బంతి చేతికిస్తారు?